నున్నటి ఇనుము, గరుకు ఇటుక

ఆమధ్య ఒకరోజు మీటింగు రూముకి పరిగెడుతూ లాప్‌టాప్‌ని ఒంటిచేత్తో అంచు పట్టుకుని తీసుకెళ్తున్నాను. మనందరం చేసే పనే. రెండో చేతిలో కాఫీ. మెట్ల దగ్గర లాప్‌టాప్ జారింది. కాఫీ మాత్రం భద్రం! తెర పగలడం, మేనేజరుకి సంజాయిషీ మెయిలు రాయడం, అవన్నీ మామూలే. నాకు మింగుడుపడనిది ఒక్కటే. రెండు కిలోలు కూడా లేని వస్తువు, వారానికి నాలుగు రోజులు జిమ్ముకెళ్ళే చేతిలోంచి ఎలా జారింది?

తీరా ఆలోచిస్తే, డంబెల్ పట్టుకోవడం వేరు, లాప్‌టాప్ పట్టుకోవడం వేరు. డంబెల్ చుట్టూ వేళ్ళు పూర్తిగా మూసుకుంటాయి. లాప్‌టాప్‌కైతే బొటనవేలు ఒకపక్క, మిగతా నాలుగూ ఇంకోపక్క, కింద ఆధారం ఉండదు. దీన్నే పించ్ గ్రిప్ అంటారు. ఇందులో ముందు చేతులెత్తేసేది బొటనవేలే. పాపం దానికి మనం ఇస్తున్న వ్యాయామం ఏమిటంటే, పొద్దస్తమానం స్పేస్‌బార్ కొట్టడం, ఫోన్ తెర జరపడం.

సరే, సాధన మొదలెట్టాను. దీనికి పాత పద్ధతి ఒకటుంది. రెండు ఇనప ప్లేట్లని నున్నటి ముఖాలు బయటికి వచ్చేలా జతచేసి, ఒంటిచేత్తో నొక్కిపట్టి లేపడం. అలా రెండు 45 పౌన్ల ప్లేట్లు, అంటే సుమారు 41 కిలోలు, లేపితే మొనగాడి కిందే లెక్క. నేను రెండు 5 కిలోల ప్లేట్లతో మొదలెట్టి, మధ్య రంధ్రంలోంచి పైపు దూర్చి, దానికి అటూ ఇటూ చిల్లర బరువులు తగిలిస్తూ పోయాను. 15 కిలోల దగ్గర బండి ఆగిపోయింది. నెలయినా కదల్లేదు.

మనం ఇంజనీర్లం కదా, పరికరం మార్చాను. రెండున్నర అంగుళాల మందం టేకుచెక్కకి కింద కొక్కెం పెట్టించి బరువులు వేలాడదీశాను. 18 కిలోలు! ఆ చెక్కకి ఉప్పుకాగితం అతికించాను. 22 కిలోలు! ఎక్సెల్లో గీత పైకి పోతుంటే ఎంత ముచ్చటేసిందో. ఒకరోజు ఎందుకో మళ్ళీ పాత ఇనప ప్లేట్లు లేపి చూశాను. 15 దాటితే ఒట్టు.

కోడ్‌లో ఒక్క లైనూ మార్చకుండా, కొత్త సర్వరు మీద నడిపి, "అప్లికేషన్ వేగం పెంచేశాం" అని క్లయింటుకి చెప్పినట్టుంది నా వ్యవహారం.

లెక్క చాలా చిన్నది. బరువుని ఆపేది రెండు పక్కలా పుట్టే ఘర్షణ. ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే, 20 కిలోలు ఆపడానికి 20 కిలోల బలంతో నొక్కాలి. అదే ఉపరితలం గరుకై 0.8 అయితే పన్నెండున్నర చాలు. అంటే బరువు అదే, బొటనవేలి కష్టం మాత్రం సగానికి కాస్త ఎక్కువ. మిగతా పని ఉప్పుకాగితం చేసిపెడుతోంది. నిజానికి చర్మం ఈ సూత్రానికి అంత బుద్ధిగా లొంగదు. మరీ పొడిగా ఉన్నా జారుతుంది, చెమటతో తడిసినా జారుతుంది, కొద్దిపాటి తేమ ఉన్నప్పుడే బాగా పడుతుంది. అందుకే రంగేసిన ఇనుము మీద సోమవారం లేచింది బుధవారం లేవదు. చెక్క కొంత చెమట పీల్చుకుంటుంది కాబట్టి దానికి ఆ మొండితనం తక్కువ. ఇక చేతులకి పూసుకునే చాక్, అదే మెగ్నీషియం కార్బొనేట్ పొడి, సంగతి ఇంకా తమాషా. రాతిమీద అది పట్టు తగ్గించిందని 2001లో ఒక పరిశోధన వస్తే, పెంచిందని 2012లో ఇంకోటి వచ్చింది.

ఇవన్నీ తెలిసినా ఉప్పుకాగితం వదలబుద్ధి కాలేదు. 22 చూశాక 15కి ఎవడు దిగుతాడు? మూడోవారంలో ఆఫీసు గుమ్మం దగ్గర హాజరు మిషన్ నా బొటనవేలిని గుర్తుపట్టనంది. తుడిచి పెట్టినా, ఊది పెట్టినా అదే పాట. గీతలు అరిగిపోయాయి. సెక్యూరిటీ అతను నవ్వుతూ రిజిస్టర్లో సంతకం పెట్టించాడు.

అప్పుడు నాన్న మా ఇంట్లోనే ఉన్నారు. ఇదేదో పెద్ద జోకులా చెప్పాను. ఆయన నవ్వలేదు. "నాకు రేషన్ షాపులో ప్రతినెలా ఇదే గోలరా. పది వేళ్ళూ పెట్టిస్తాడు" అన్నారు. నాన్న నలభై ఏళ్ళు తాపీపని చేశారు. ఆ ఇటుకలూ సిమెంటే నన్ను చదివించాయి. ఆయన వేళ్ళ సంగతి నాకు తెలియదని కాదు. ఎప్పుడూ పట్టించుకోలేదు, అంతే.

బాల్కనీలో ప్లేట్లు చూసి "ఏంట్రా ఈ ఇనప పళ్ళాలు?" అన్నారు. చెప్పాను. ఉప్పుకాగితం చెక్కని వేలితో రుద్ది చూసి పక్కన పెట్టేశారు.

"ఇటుక దానంతటదే చేతిని పట్టుకుంటుందిరా. మార్బుల్‌ని మనమే పట్టుకోవాలి. ఇటుకలు మోసి మోసి, మార్బుల్ పలక ఎత్తిన మొదటిరోజు తెలుస్తుంది ఎవడి చేతిలో ఎంతుందో."

అని, రెండు 10 కిలోల ప్లేట్లు నున్నటివైపు పట్టుకుని, ఐదు లెక్కపెట్టేదాకా ఆపి, చప్పుడు కాకుండా కింద పెట్టారు. అరిగిపోయిన వేళ్ళతో, 64 ఏళ్ళ వయసులో.

ఆరోజే ఉప్పుకాగితం పీకేశాను. ఇప్పుడు రోజువారీ సాధనంతా చెక్కమీదే. చర్మం బతుకుతుంది, బొటనవేలికి పని పడుతుంది. కొలిచేది మాత్రం వారానికోసారి, అవే రెండు ఇనప ప్లేట్లమీద, చాక్ లేకుండా, చేతులు కడిగి తుడుచుకున్నాక. కొత్త ప్లేట్లు కొన్నా, పాతవాటికి రంగేసినా లెక్క మళ్ళీ మొదటినుంచే. బొటనవేలి మొదట్లో నొప్పి తగిలితే ఆ వారం సెలవు.

ఎక్సెల్లో మిగిలింది ఒకటే వరస. ఆరునెలలకి పదిహేడున్నర. నాన్న అంకె 20.

నా వేలిముద్ర రెండు వారాల్లో తిరిగొచ్చింది. నాన్నది రాలేదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు రేషన్ షాపుకి నేనూ ఆయనతో వెళ్తున్నాను.

అన్నట్టు, లాప్‌టాప్ మాత్రం ఇప్పుడు రెండు చేతులతోనే మోస్తున్నాను. కాఫీ తర్వాత :)