న్యూకాసిల్‌లో మోగని ఫోను

న్యూకాసిల్ అనగానే మీకు ఏ ఊరు గుర్తుకొస్తుంది? డర్బన్ వైపు పెరిగిన మనకు నాటాల్‌లోని బొగ్గు ఊరే గుర్తుకొస్తుంది. 1913 అక్టోబరులో అక్కడి గనుల్లో మన గిర్మిట్ కూలీలు మూడు పౌండ్ల పన్ను వద్దంటూ పని ఆపేశారు. ఇప్పుడు నేను మిమ్మల్ని తీసుకెళ్లేది ఇంకో న్యూకాసిల్‌కి. ఇది ఇంగ్లండులో, టైన్ నది ఒడ్డున ఉంది. ఇది కూడా బొగ్గుతో బతికిన ఊరే.

మీరు సెంట్రల్ స్టేషనులో దిగి బయటికి వస్తే, కొంచెం దూరంలో జార్జి స్టీఫెన్‌సన్ విగ్రహం కనిపిస్తుంది. ఆయన కొడుకు రాబర్ట్ పేరు మీద ఈ ఊళ్లో నడిచిన కార్ఖానాలోనే 1829లో 'రాకెట్' అనే రైలింజను తయారైంది. స్టీఫెన్‌సన్ ఈ ప్రాంతపు బొగ్గు బండ్ల దారుల కొలతనే తీసుకున్నాడు. పట్టాల మధ్య దూరం 4 అడుగుల 8½ అంగుళాలు.

1860లో డర్బన్‌లో మొదటి రైలు ఈ కొలత పట్టాల మీదే నడిచింది. 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి మనవాళ్లను తెచ్చి దించింది కూడా ఆ ఏడాదే, నవంబరు 16న. తర్వాత నాటాల్ 3 అడుగుల 6 అంగుళాల పట్టాలకు మారింది. ఇండియాలో పెద్ద లైన్ల వెడల్పు 5 అడుగుల 6 అంగుళాలు. మూడూ రైలు పట్టాలే, కానీ ఒక దాని బండి ఇంకో దాని మీద నడవదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఫోను కథలో పనికొస్తుంది.

మా పిన్ని ఈ ఊళ్లో కొడుకు దగ్గర ఉంటుంది. ఆమెకు 78 ఏళ్లు. తన ఫోను డర్బన్‌లో కొన్నది. నిరుడు నెలకు కాస్త డబ్బు మిగులుతుందని కంపెనీ మార్చింది. పాత నంబరే ఉంది, వాట్సాప్‌లో మనవల ఫొటోలు వస్తున్నాయి. అంతా బాగానే ఉందనుకుంది. కానీ మామూలు ఫోను మోగడం మానేసింది. కంటి ఆపరేషను తేదీ చెప్పడానికి ఆసుపత్రి వాళ్లు రెండుసార్లు ఫోను చేశారట. ఒక్కసారి కూడా మోగలేదు. "నన్ను అందరూ మరిచిపోయారే" అని పిన్ని నాతో అంది.

ఎవరూ మరిచిపోలేదు. జరిగింది ఇదీ. బ్రిటన్‌లో కంపెనీలు 2023 నుంచి ఒక్కొక్కటిగా 3జీ ఆపడం మొదలుపెట్టాయి. ఇప్పుడు మాటలు కూడా 4జీ మీదే వెళ్లాలి. ఫోనులో 4జీ ఇంటర్నెట్ ఉంటే చాలదు. 4జీ మీద మాట్లాడే సౌకర్యం, అంటే వోల్టీ, ఉండాలి. ఆ మోడలును ఆ కంపెనీ ఒప్పుకోవాలి కూడా. వేరే దేశంలో కొన్న ఫోనుకు ఒక్కోసారి ఇది దొరకదు. కొన్ని కంపెనీల దగ్గర ఇంకా 2జీ ఉంది కాబట్టి, పిన్ని ఫోను పాత కంపెనీలో మోగేది. కొత్త దానిలో ఆ దారి లేదు. సిమ్ సరిగ్గా పట్టింది, పట్టాల కొలత మాత్రం వేరు.

మీకో, మీ పెద్దవాళ్లకో అక్కడ ఈ పని పడితే, ఈ వరసలో చేయండి.

మొదట, ఫోను మోడలు పేరు చెప్పి, "దీనిలో 4జీ కాలింగ్ పనిచేస్తుందా?" అని కొత్త కంపెనీని అడగండి. తర్వాత ఫోను లాక్ అయి ఉందేమో చూడండి. 2021 డిసెంబరు నుంచి బ్రిటన్‌లో కంపెనీలు లాక్ చేసిన ఫోన్లు అమ్మకూడదు. అంతకుముందు కొన్నవాటికి లాక్ ఉండొచ్చు.

ఆ తర్వాత పాత సిమ్ నుంచి పీఏసీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు 65075కి మెసేజ్ పంపండి. దీనికి డబ్బు పడదు. నిమిషంలో ఒక కోడ్ వస్తుంది. ఒప్పందం మధ్యలో వదిలితే ఎంత కట్టాలో కూడా అందులోనే ఉంటుంది. ఆ కోడ్ 30 రోజులు చెల్లుతుంది. దాన్ని కొత్త కంపెనీకి ఇస్తే, ఒక పనిదినంలో నంబరు మారాలి. ఇది 2019 జులై 1 నుంచి ఆఫ్‌కామ్ పెట్టిన నియమం. పాత సిమ్‌ను మీరే ముందుగా రద్దు చేయకండి. నంబరు పోతే మళ్లీ రావడం కష్టం.

ఒక మాట మనసులో పెట్టుకోండి. డర్బన్ నంబరును బ్రిటన్ కంపెనీకి మార్చడం కుదరదు. అక్కడి బ్యాంకు కోడ్‌లు ఆ నంబరుకే వస్తుంటే, ఆ సిమ్‌ను బతికించుకోవాలి.

పిన్నికి మేము వేరే ఫోను కొన్నాం. నంబరు అదే. మూడో రోజు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, మోగింది. ఆపరేషను అయింది. ఇప్పుడు ఈ పత్రికలో అక్షరాలు అద్దాలతో చదువుతోంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు "నాకు ఎవరూ ఫోను చేయడం లేదు" అంటే, వెంటనే ఓదార్చకండి. ముందు వాట్సాప్ కాకుండా, మామూలుగా ఒకసారి వాళ్ల నంబరుకు ఫోను చేయండి. మోగుతుందో లేదో వినండి.