నలుపు ఎంత నలుపు?

కాట్టుపల్లి ఒడ్డున మిట్టమధ్యాహ్నపు ఫొటో: మెరిసే ఇసుక, దాని మీద నల్లరంగు పడవ. కంప్యూటర్ తెరమీద పడవ లోపలి వల పోగులు కూడా కనిపిస్తాయి. మ్యాట్ కాగితం మీద అచ్చు వేస్తే అదంతా ఒకటే నల్లటి ముద్ద! కళ్లను నమ్మి లాభం లేదు, నలుపును కొలిచే డెన్సిటోమీటర్‌నే అడగాలి.

దాని లెక్క లాగరిథమ్‌లో ఉంటుంది. పడిన వెలుగులో సగం తిరిగొస్తే డెన్సిటీ, అంటే నలుపు అంకె, సుమారు 0.3, పదోవంతు వస్తే 1, నూరోవంతే వస్తే 2. నెగటివ్‌ల నలుపును ఇలా అంకెల్లోకి దించే పద్ధతిని హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లోనే ప్రచురించారు. ఇంక్‌జెట్ కాలంలోనూ ఆ లెక్కే.

మంచి నిగనిగల కాగితం 2 దాటుతుంది. మ్యాట్ 1.6, 1.7 దగ్గరే చతికిలబడుతుంది. పైగా ఇంకు ఎక్కువ పోస్తే నలుపు పెరగదు, కాగితం ముడుచుకుంటుంది. అందుకే ముందు 21 మెట్ల బూడిదరంగు పట్టీ ఒకటి అచ్చు వేస్తాను. నల్లటి చివరి మెట్లు ఒకే అంకె చూపిస్తే పడవ నీడల్ని ఫైల్‌లోనే కాస్త పైకి లేపాలి. ఇసుక జోలికి మాత్రం పోను. ఇంకు పూర్తిగా ఆరనిదే ఏ అంకె రాసుకోను.