అవ్వ పెట్టిన తలకట్టు

మా అవ్వకు తను పుట్టిన తేదీ తెలియదు. అడిగితే, "పూండి డ్యాం కట్టి ముగించిన ఏడు పుట్టినాను" అంటుంది. మద్రాసు నగరానికి తాగునీటి కోసం కొసస్తలై ఏటికి అడ్డంగా కట్టిన ఆ డ్యాం 1944లో పూర్తయింది. ఆ లెక్కన 2024కి అవ్వకు 80 ఏళ్ళు. తేదీ లేదు కాబట్టి దీపావళి తర్వాత వచ్చే ఆదివారం కేకు కోయిద్దామని ఇంట్లో అనుకున్నాం.

మా పిన్నమ్మ ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. కేకు సంగతి తాను చూసుకుంటానంది. నేను ఒక్కటే అడిగాను: "కేకు మీద తెలుగులో రాయాలి పిన్నమ్మా." అవ్వ చదివింది మూడో తరగతి వరకే, అదీ తెలుగు మాత్రమే. ఇంగ్లీషు, తమిళం చదవలేదు. ఇంతకుముందు మా ఇంట్లో కోసిన కేకుల మీద ఏం రాసుందో ప్రతిసారీ మేమే చదివి చెప్పాం. ఈసారి తన కేకును తానే చదువుకోవాలని నా ఆశ.

పిన్నమ్మ కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నాకు తెలుగు రాయడం రాదు కదే" అంది. ఆమె చదివింది తమిళ మీడియం. రోజంతా తెలుగులోనే మాట్లాడుతుంది, కానీ ఆర్డర్లన్నీ తమిళంలో రాసుకుంటుంది. రోజూ చూస్తున్నదే అయినా నేను దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. "నువ్వు గీసి ఇయ్యి, నేను చేస్తా" అంది.

క్రీముతో రాస్తే చెయ్యి వణికినప్పుడు దిద్దడం కష్టం. అందుకని షుగర్ పేస్టును తీగలాగా తీసి అక్షరాలు మలుద్దామంది. తిరువాలంగాడు చక్కెర మిల్లుకు చెరుకు బండ్లు పోవడం మనమంతా చూసిందే. అలాంటి చక్కెరనే ముగ్గుపిండిలా మెత్తగా పొడి చేసి, గ్లూకోజ్ పాకం లాంటివి కలిపి పిసికితే వచ్చే ముద్దే షుగర్ పేస్టు. దాన్ని తీగగా తీసే సాధనం పేరు ఎక్స్‌ట్రూడర్. పేరు పెద్దదేగానీ చూడగానే నాకు మురుకుల గొట్టమే గుర్తొచ్చింది. వేలంత లావు గొట్టం, ఒక కొసన మరతిప్పే పిడి, రెండో కొసన చిల్లుల బిళ్ళ. గుండ్రటి చిల్లుకు తీగ, సన్నటి గాటుకు రిబ్బను, చిన్నచిన్న చిల్లులకు గడ్డి, వెంట్రుకల్లాంటివి వస్తాయి.

శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టాం. అన్నిటికన్నా సన్నటి చిల్లు బిళ్ళ పెట్టి నేను తిప్పాను. పిడి కదల్లేదు. బలంగా తిప్పితే వేళ్ళు కందిపోయాయి. చిల్లు ఎంత చిన్నదైతే ముద్దను తోయడానికి అంత బలం కావాలని అప్పుడు అర్థమైంది. పిన్నమ్మ ముద్దను బయటికి తీసి, అరచేతికి కొంచెం డాల్డా రాసుకుని, మెత్తబడేదాకా పిసికింది. గొట్టం లోపలా కాస్త డాల్డా పూసింది. ముద్దను గొట్టం కన్నా సన్నగా చుట్టి, మధ్యలో గాలి లేకుండా దూర్చింది. 3 మిల్లీమీటర్ల చిల్లు బిళ్ళ పెట్టాక తీగ తెగకుండా వచ్చింది.

కానీ వంచబోతే వంపు దగ్గర పగుళ్ళు వచ్చాయి. తీగ గట్టిపడాలని కలిపిన సి.ఎం.సి. పొడి ఎక్కువైందట. అది చిటికెడుకు మించితే వంచే లోపలే ఆరిపోతుంది. మళ్ళీ కొత్త ముద్ద కలిపి, వాడని ముద్దను ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టాం. నేను కాగితం మీద పెద్దగా "మా అవ్వ 80" అని గీశాను. దాని మీద బటర్ పేపరు పరచి, గీత వెంబడి తీగ పేర్చుకుంటూ పోయాం. తాటాకు మీద గంటంతో అడ్డగీతలు గీస్తే ఆకు చీలుతుందని, అందుకే మన అక్షరాలు గుండ్రంగా వచ్చాయని అంటారని మా తెలుగు సార్ ఒకసారి చెప్పారు. తీగకు కూడా గుండ్రమే సుళువు. "అ" చక్కగా తిరిగింది. పిన్నమ్మ మాత్రం ప్రతి మెలిక దగ్గరా ఆగి, "ఇది లోపలికా, బయటికా?" అని అడిగేది. నేను వేలితో చూపించేదాన్ని. నాకు వంటలు నేర్పే పిన్నమ్మకు నేను అక్షరాలు నేర్పడం వింతగా అనిపించింది.

అసలు తప్పు నేను చేశాను. చెడిపోకుండా ఉంటాయని శనివారం పొద్దున అక్షరాలను ఫ్రిజ్‌లో పెట్టాను. బయట వాన ముసురు. సాయంత్రం తీసేసరికి వాటి మీద చెమట పట్టి, రంగు కారి, అక్షరాలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. చల్లటి వస్తువు మీద గాలిలోని తేమ నీరుగా మారుతుందని సైన్సులో చదివినదాన్నే, అయినా చేశాను. నాకు ఏడుపొచ్చింది. పిన్నమ్మ తిట్టలేదు. "మళ్ళీ చేద్దాం, ఈసారి నేను చూడకుండా పెడతా" అంది. నిజంగానే "అవ్వ" మాటను నా కాగితం చూడకుండా పేర్చింది. రాత్రంతా మూత పెట్టకుండా, ఫ్యాను దూరంగా పెట్టి ఆరనిచ్చాం. ఆదివారం పొద్దున తడి బ్రష్షుతో అద్ది కేకుకు అతికించాం.

అవ్వ కేకు ముందు కూర్చుని కళ్ళజోడు సర్దుకుంది. వేలు గాలిలో తిప్పుతూ, "మా... అ..." అని చదివి ఆగింది. "ఏమే, వకు తలకట్టు ఏదీ?" అంది. చూస్తే నిజమే! వత్తు సరిగ్గా ఉంది, తలకట్టు లేదు. రెండు రోజులు పక్కనే కూర్చున్న నాకూ కనబడలేదు. పిన్నమ్మ ముఖం చిన్నబోయింది.

"ఆ గొట్టం ఇట్లా తే" అంది అవ్వ. లోపల కొంచెం ముద్ద మిగిలే ఉంది. కొసన ఎండిన ముక్కను గిల్లేసి, అవ్వ పిడి తిప్పింది. "మురుకుల గొట్టం కన్నా ఇదే సుళువు" అంటూ చిటికెన వేలంత తీగ తీసి, తుంచి, వంచి, వ మీద తానే తలకట్టు పెట్టింది. తర్వాత మళ్ళీ మొదటి నుంచి గట్టిగా చదివింది: "మా అవ్వ."

ఆ రోజు నుంచి పిన్నమ్మ ఆర్డర్ల పుస్తకంలో కొన్ని పేర్లు తెలుగులో రాస్తోంది. నేను దిద్దుతున్నాను. తలకట్లు మాత్రం ఇప్పుడు ఒక్కటి కూడా మరవడం లేదు.