ఆటిజం చికిత్సల ఖర్చు: నెల్లూరు తీరంలో ఒక లెక్క

ఆటిజం ఉన్న బిడ్డ వైద్యం ఖర్చు ఒక్కసారితో తీరేది కాదు. రెండు మూడేళ్ల వయసులో మొదలై స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ప్రవర్తన శిక్షణ, ప్రత్యేక బడి అంటూ ఏళ్ల తరబడి సాగుతుంది. పూర్తిగా మాన్పే మందు ఇంతవరకు లేదు. డాక్టరు ఈ ముక్క చెప్పి పంపిన రోజు నుంచే ఇంట్లో మరో చర్చ మొదలవుతుంది. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల్లో రొయ్యల చెరువులు, వరి, సముద్రపు వేట మీద బతికే కుటుంబాలకు ఆదాయం నెలనెలా రాదు. పట్టుబడి అయినప్పుడో, ధాన్యం అమ్మినప్పుడో ఒక్కసారిగా చేతిలో పడుతుంది. అలాంటి ఇంట్లో ‘ఒకేసారి మూడు లక్షలు పెడితే బిడ్డకు మాట వస్తుంది’ అన్న మాట ఇట్టే చెవికెక్కుతుంది. ‘వారానికి మూడు రోజులు, నాలుగేళ్ల పాటు’ అన్న మాట ఎక్కదు. ఇలాంటి ఒక్కసారి చికిత్సలు అమ్ముడుపోవడంలో నమ్మకం పాత్ర ఎంతో, చేతికి డబ్బు వచ్చే తీరు పాత్ర కూడా అంతే.

ముందుగా ఇంటికి వచ్చేవి ఖర్చు లేని వైద్యాలు. మాట ఆలస్యమైన బిడ్డకు నాయనమ్మ సానరాయి మీద వసకొమ్ము అరగదీసి, ఆ గంధాన్ని తేనెలో రంగరించి నాలుకకు రాస్తుంది. ఏఎస్ పేట, కసుమూరు దర్గాలకు తీసుకెళ్తారు. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె అందుకుంటారు. మొక్కు వల్ల కుటుంబానికి ధైర్యం వస్తే దాన్ని కాదనవలసిన పని ఏ డాక్టరుకూ లేదు. నోట్లోకి పోయే వాటి విషయం మాత్రం వేరు. వసలో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం జంతువుల్లో కణుతులు పుట్టించిందని అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను కొని పరీక్షించిన అధ్యయనం ఒకటి 2008లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. వాటిలో ఐదో వంతుకు పైగా మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. అసలే మెదడు ఎదుగుదలలో ఇబ్బంది ఉన్న బిడ్డకు లేబుల్ లేని భస్మం, లేహ్యం తినిపించడం ఏ రకంగానూ సమర్థించదగింది కాదు.

‘నష్టం ఏముంది, వాడి చూద్దాం’ అనేది ఈ తీరంలో తరచు వినబడే వాదన. దానికి జవాబు కృష్ణపట్నంలోనే ఉంది. 2021 మేలో కోవిడ్ రెండో దశ ముమ్మరంగా ఉన్నప్పుడు బొనిగి ఆనందయ్య ఉచితంగా పంచిన మందు కోసం వేలాది జనం ఆ ఊరికి తరలివచ్చారు. మే 21న పంపిణీ ఆగింది. ఆయుష్ నిపుణులు పరిశీలించారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కళ్లలో వేసే చుక్కలు తప్ప మిగతా మందులకు అనుమతి ఇచ్చింది. వాటివల్ల హాని కనబడలేదనీ, కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారం కూడా లేదనీ నిపుణుల నివేదిక చెప్పింది. జనం మొదటి ముక్క గుర్తుపెట్టుకుని రెండోది వదిలేశారు. హాని లేదనడం ఒక సంగతి, పనిచేస్తుందనడం ఇంకొకటి. కృష్ణపట్నం మందు ఉచితం కాబట్టి ఈ రెండిటినీ కలిపేసుకున్నా జేబుకు చిల్లు పడలేదు. ఆటిజం చికిత్సల్లో ఆ పొరపాటుకు లక్షలు పోతాయి.

పనిచేసినట్టు కనబడటం ఎంత సులువో సీక్రెటిన్ కథ చెబుతుంది. జీర్ణకోశ పరీక్ష కోసం ఈ హార్మోన్ ఇచ్చిన ముగ్గురు ఆటిజం పిల్లల్లో మాట, చూపు మెరుగయ్యాయని 1998లో ఒక నివేదిక రాగానే అమెరికాలో తల్లిదండ్రులు దానికోసం ఎగబడ్డారు. 1999 డిసెంబరులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పరీక్ష ఫలితాలు వచ్చాయి. 60 మంది పిల్లల్లో సగం మందికి సీక్రెటిన్, సగం మందికి ఉత్త ఉప్పునీరు ఇంజెక్షన్‌గా ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో తల్లిదండ్రులకు చెప్పలేదు. మందు తీసుకున్నవాళ్లలో 30 శాతం, ఉప్పునీరు తీసుకున్నవాళ్లలో 27 శాతం మంది మెరుగయ్యారు. అంటే ఆ మెరుగుదల మందుది కాదు, వయసుదీ ఆశదీ. ఫలితం చెప్పాక కూడా 69 శాతం మంది తల్లిదండ్రులు ఆ మందు మీద ఆసక్తి వదులుకోలేదు. ఈ అంకెను చదివి ఆ తల్లిదండ్రులను తెలివితక్కువవాళ్లు అనుకోవడం అన్యాయం. బిడ్డ నోట ‘అమ్మ’ అన్న మాట వినడానికి మూడేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి అంకెలతో సమాధానపడదు. ‘ఫలానా వాళ్ల అబ్బాయికి మాట వచ్చింది’ అని మేనమామ తెచ్చే కబురు కూడా చాలావరకు నిజమే అయి ఉంటుంది. ఆ అబ్బాయికి మందు లేకుండా కూడా మాట వచ్చేదా అన్నది ఆ కబురులో ఉండదు.

ఖరీదైన వాటిలో మొదటిది మూలకణ చికిత్స. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 180 మంది పిల్లలకు బొడ్డుతాడు రక్తం ఎక్కించి చేసిన పరీక్షలో సామాజిక సంభాషణ విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2020లో తేలింది. మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మూలకణాలను మామూలు చికిత్సగా వాడటానికి ఒప్పుకోవు. మిగతాదంతా పరిశోధన కిందే జరగాలి, పరిశోధనలో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆటిజానికి ఈ చికిత్సను సిఫారసు చేయడం వృత్తి దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ నైతిక బోర్డు 2022 డిసెంబరులో స్పష్టం చేసింది. కాబట్టి మూలకణాల పేరుతో ఎవరైనా లక్షల బిల్లు వేస్తే, ఆ బిల్లే నియమం మీరారనడానికి రుజువు. ఒంట్లో లోహాలు కడిగేస్తామనే కీలేషన్ ఇంకా ప్రమాదం. 2005లో పెన్సిల్వేనియాలో ఆ మందు ఎక్కించిన ఐదేళ్ల బాబు రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగి చనిపోయాడు. ఆక్సిజన్ గదులు, గోధుమ, పాలు మాన్పించే ఆహారం వంటి వాటికీ గట్టి ఆధారం లేదు.

ఇప్పుడు లెక్క. చికిత్స ఒక విడత 3 లక్షలు అనుకుందాం. పట్టుబడికి ముందే కావాలి కాబట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు వడ్డీ 6,000, ఏడాదికి 72,000. చెరువుకు తెల్లమచ్చ వ్యాధి తగిలి ఒక పంట పోయింది, అసలు తీర్చడానికి రెండేళ్లు పట్టింది. కట్టింది మొత్తం 4,44,000. స్పీచ్ థెరపీ ఒక్కో సిట్టింగు 500 చొప్పున చూస్తే, ఒక ఏడాది వడ్డీతోనే 144 సిట్టింగులు వచ్చేవి. వారానికి మూడు చొప్పున ఏడాదికి 156 అవసరం, అంటే దాదాపు సరిపోయేవి. మొత్తం 4,44,000తో 888 సిట్టింగులు, ఐదేళ్ల ఎనిమిది నెలలు. ఈ లెక్కలో ఒక లోపం ఉంది, దాన్నీ చూడాలి. మైపాడు నుంచో కోట నుంచో నెల్లూరు పట్టణానికి వెళ్లి రావడానికి బస్సు చార్జీలు, పోయిన పని కలిపి 400 పడుతుందనుకుంటే ఒక్కో సిట్టింగు 900 అవుతుంది. అప్పుడు 493 సిట్టింగులు వస్తాయి, మూడేళ్ల రెండు నెలలు. మూడో ఏట మొదలుపెడితే బిడ్డ ఒకటో తరగతిలో చేరేదాకా. ‘పోతే మూడు లక్షలు పోతాయి’ అనే బంధువు లెక్కలో ఈ మూడేళ్లు ఉండవు. బంగారం బ్యాంకులో పెడితే వడ్డీ సగానికి తగ్గుతుంది, పోగొట్టుకునే కాలం మాత్రం తగ్గదు.

మరో అంకె కూడా ఈ 6,000కు సరిపోతుంది. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు ఇచ్చే పింఛను అంతే. బిడ్డ పేరున వచ్చే డబ్బు నేరుగా వడ్డీవ్యాపారి చేతికి పోతుందన్నమాట.

రొయ్య పిల్లను చెరువులో వదిలే ముందు రైతు ల్యాబులో పీసీఆర్ పరీక్ష చేయించకుండా ఉండడు, హేచరీ వాడు ఎంత తెలిసినవాడైనా సరే. బిడ్డకు చికిత్స అమ్మేవాళ్లనూ అలాగే నిలదీయాలి. ఇది పరిశోధన అయితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా? పోలిక కోసం ఉత్తుత్తి మందు తీసుకున్న పిల్లలు ఉన్నారా? మూడు నెలల్లో తేడా రాకపోతే ఆపేస్తామని, ఆ తేడా ఏమిటన్నది ముందే కాగితం మీద రాసిస్తారా? కొలతకు సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ తయారు చేసిన ఐఎస్ఏఏ అనే ఆటిజం కొలమానం ఉంది. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, 70, ఆపైన వస్తే ఆటిజం. అదే కొలతను అదే మనిషి చేత ముందూ వెనకా వేయిస్తే బంధువుల సాక్ష్యం అక్కర్లేదు.

తక్కువ ఖర్చు దారులు అందుబాటులోనే ఉన్నాయి. నెల్లూరులో ఆ సికింద్రాబాద్ సంస్థ కిందే పనిచేసే కాంపోజిట్ రీజినల్ సెంటర్ ఉంది. మండలాల్లో సమగ్ర శిక్ష వారి భవిత కేంద్రాలు ఉన్నాయి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏటా కొద్ది వందల రుసుముతో లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీకి అందులో విడిగా వాటా ఉంది. ఉద్యోగస్తులకు 1961 ఆదాయపన్ను చట్టం 80డీడీ కింద 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు ఉండేది, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు మాత్రమే. 20 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి ఏడాదికి 15,600 మిగిలేది. సాగు, వేట మీద బతికే ఇళ్లకు దీనితో పని లేదు.

బిడ్డకు 18 ఏళ్లు నిండాక ఇంకో ఖర్చు మొదలవుతుంది. అప్పటి నుంచి ఆస్తి విషయాల్లో తల్లిదండ్రులు కూడా చట్టం దృష్టిలో సంరక్షకులు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టి సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవాలి. తల్లిదండ్రుల తదనంతరం ఆ బిడ్డకు తిండి, బట్ట, తోడు చూసుకోవడానికి ఉండాల్సిన సొమ్మూ ఆ కుటుంబం పట్టుబడిలోంచే రావాలి. మూడో ఏట మూలకణాలకు వడ్డీతో కలిపి పెట్టిన దాదాపు నాలుగున్నర లక్షలు అందులోంచి తరిగిపోయినవే.