వీణ నాది, గిటారు వాడిది

సాయంత్రం ఆరైందంటే మా ఇంట్లో కుక్కరు విజిల్ కన్నా ముందు మా అబ్బాయి గిటారు మోగుతుంది. అదీ మామూలుది కాదు, కరెంటు గిటారు! "పక్కింటోళ్లు గొడవకొస్తారు" అని మావారు, "ఏందమ్మా ఈ రంపపు కోత" అని మా అత్తగారు. మధ్యలో నేను.

మూడు నెలలుగా వాడు పట్టుకున్నది ఒకటే పాట. గన్స్ ఎన్ రోజెస్ అనే అమెరికా బృందం 1991లో తెచ్చిన 'నవంబర్ రెయిన్'. అందులో గాయకుడు ఆగిపోయి, స్లాష్ అనే ఆయన గిటారు పాట అందుకునే చోటుంది. దాన్ని సోలో అంటారు. వేగం కన్నా స్వరాన్ని లాగి నిలపడమే అక్కడ ముఖ్యం. మావాడికి స్వరాలన్నీ వచ్చాయి గానీ పాట రాలేదు. ఒకరోజు గిటారు మంచం మీద పడేసి, "నావల్ల కాదు, అమ్మేస్తా" అన్నాడు. గొంతులో ఏడుపు.

ఊరుబిండికి చెనిగింజలు వేయిస్తున్నదాన్ని పొయ్యి దగ్గర్నుంచే, "శ్రుతి అందలేదురా. పై స్వరం దాకా లాగకుండానే వదిలేస్తా ఉండావు" అన్నాను.

"నీకెట్ల తెలుసు మా?"

ఎట్ల తెలియదు! 1959లో దేవస్థానం వారు పెట్టిన తిరుపతి సంగీత నృత్య కళాశాలలో పెళ్లికి ముందు వీణ నేర్చుకున్నాను. బీరువా పక్కన ముసుగులో ఉన్నది నా వీణేనని వాడికి తెలుసు. నేను వాయిస్తుంటే మాత్రం ఎప్పుడూ వినలేదు. ఆ తప్పు నాదే.

వీణలో మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికిస్తాం. గిటారులో దాన్నే బెండ్ అంటారట. చేరాల్సిన స్వరాన్ని ముందు రెండు మెట్ల పైన మీటి చెవిలో పెట్టుకోమన్నాను. తర్వాత కింది మెట్టుకొచ్చి, తీగను తోసి ఆ స్వరం అందుకోమన్నాను. వాడు ఒక్క వేలితో తంటాలు పడుతున్నాడు. ఉంగరపు వేలు తోస్తుంటే వెనక రెండు వేళ్లూ ఆసరా ఇవ్వాలి, తాళంచెవి తిప్పినట్టు మణికట్టు తిరగాలి. స్వరం అందగానే ఊపేయకూడదు. ఒక్క క్షణం నిలిపి, ఆ తర్వాతే నెమ్మదిగా ఊపాలి.

చూపిద్దామని వీణ అలవాటు కొద్దీ వేళ్లకు కొబ్బరినూనె రాసుకున్నానా, తీగ జారి కీచుమంది! ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఒకప్పుడు కాయలు కాచిన వేళ్లు, ఎప్పుడో మెత్తబడిపోయాయి. చింతపండు పిసికితే రెండు రోజులు మంట.

మా అత్తగారికి మాండలిన్ శ్రీనివాస్ అంటే ప్రాణం. పాలకొల్లులో పుట్టిన ఆయన జంట తీగలు తీయించి, ఒంటి తీగల కరెంటు మాండలిన్ మీద త్యాగరాజ కీర్తనలు వాయించలేదూ? అదే గుర్తుచేశాను. ఆమె పలకలేదు గానీ రంపం మాట మళ్లీ ఎత్తలేదు.

పదిహేను రోజులకు ఆ స్వరం అందింది. గరిటె పట్టుకుని అట్లే నిలబడిపోయాను. తాలింపు మాడింది.

నిన్న వాడే వీణ ముసుగు తీశాడు. మెట్ల కింద మైనం బీటలు వారింది, ఒక తీగ తెగింది. బాగుచేసేవాళ్ల కోసం మావారు విచారిస్తున్నారు.