గోదారికి సారె

ప్రయాణం ఇంకా మూడు రోజులుందనగా హైదరాబాద్‌లోని ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఓ జాబితా వెలసింది. రాసింది కోడలు. మొత్తం ఇరవై మూడు వస్తువులు. వెళ్లేది పాపికొండలు చూడ్డానికి. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి రాజమండ్రి, అక్కణ్నుంచి గండి పోచమ్మ గుడి దాకా కారు, ఆపైన ఒక్క పగలు బోటు. ఆ ఒక్క పగటికే ఇరవై మూడు వస్తువులా అని భర్త నవ్వాడుగానీ, నవ్విన గంటకే ఆయన మంచం మీద కెమెరా, దాని స్టాండు, రెండు పవర్‌బ్యాంకులు చేరాయి.

పదో తరగతి చదువుతున్న కూతురు నాలుగు డ్రెస్సులు మడత పెట్టింది. బోటు ఎక్కేటప్పుడొకటి, కొండలు దగ్గరపడేటప్పుడొకటి, భోజనం తర్వాత ఒకటి... నాలుగోది దేనికో తనకే తెలీదు. పదేళ్ల పిల్లాడు ఇసుకతిన్నె మీద ఆడుకోడానికి బ్యాటు తెచ్చి పడేశాడు.

కోడలు అన్నీ చూసింది. ‘‘మనిషికో సంచి. భుజానికి తగిలించుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. అంతే’’ అంది.

ఆవిడ మాట వెనక భయముంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. ఆ బోటును వెలికి తీసేదాకా, నెలకు పైగా ఈ ఇంట్లో టీవీ ముందు రోజూ అదే మాట. ఆ తర్వాత చాలాకాలం బోట్లు ఆగిపోయాయి. మళ్లీ మొదలయ్యాక కూడా ఆవిడ ఇన్నేళ్లు వాయిదా వేస్తూనే వచ్చింది. అందుకే జాబితాలో మొదటి వస్తువు టోపీ కాదు, బిస్కెట్లు కాదు. ‘ఎక్కగానే లైఫ్ జాకెట్, పట్టీలన్నీ బిగించి. పిల్లాడికి వాడి సైజుదే అడగాలి. జాకెట్ మీద సంచి తగిలించుకోకూడదు’ అని ఎర్ర సిరాతో రాసింది. తర్వాతే మిగతావి. ఆధార్ కార్డులు, తాగేనీళ్లు, కడుపులో తిప్పితే వేసుకునే మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, ఫోన్లకు నీళ్లు చొరని కవర్లు, జారని చెప్పులు, పొద్దుటి చలికి స్వెటర్లు.

బ్యాటు వెనక్కి వెళ్లింది. స్టాండూ వెళ్లింది. నాలుగు డ్రెస్సులు ఒకటయ్యాయి. మిగిలింది అత్తగారి సంచి.

అందులో ఒక నేతచీర, కళ్లజోడు పెట్టె, బీపీ మాత్రలు. అడుగున తువ్వాల్లో చుట్టిన స్టీలు డబ్బా, దాని పక్కన పసుపు కుంకుమ పొట్లాలు, రవికెల గుడ్డ. డబ్బా మూత తీస్తే చలిమిడి.

‘‘టిఫినూ భోజనమూ బోట్లో వాళ్లే పెడతారత్తయ్యా. చీమలు పట్టేస్తాయి’’ అంటూ కోడలు డబ్బా తీసి వంటింటి గట్టు మీద పెట్టింది. పెద్దావిడ ఏమీ అనలేదు.

రాత్రి మంచినీళ్లకని లేచిన కోడలికి వంటింట్లో దీపం కనిపించింది. అత్తగారు డబ్బాను మళ్లీ తువ్వాల్లో చుడుతోంది. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు చూసి, ‘‘పుట్టింటికి వట్టి చేతుల్తో ఎలా వెళ్లనమ్మాయ్?’’ అంది.

ఆవిడది దేవీపట్నం. ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తులేదు. చిన్నప్పుడు వాళ్లకు లాంచీయే బస్సు. రాజమండ్రి ఆస్పత్రికి లాంచీ, భద్రాచలం రాములవారి దగ్గరికి లాంచీ. అప్పుడు సర్దుకునేది ఒక మార్పు చీర, అన్నం మూట అంతే. 1986 వరదకు పుట్టిల్లు మునిగితే, నీళ్లు తీశాక వెళ్లి తమ్ముడితో కలిసి పది రోజులు బురద ఎత్తిపోసి వచ్చింది. గోదారి రావడం, పోవడం వాళ్లకు కొత్తకాదు. కానీ పోలవరం పనులు సాగి, 2021లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించాక ఎగువ ఊళ్లలోకి నీళ్లు ఎగదన్నాయి. జనం పునరావాస కాలనీలకు తరలిపోయారు. ‘‘వరదకు పోయిన మనుషులు ఎప్పుడైనా తిరిగొచ్చేవాళ్లు. ఈసారి నీళ్లు తీసినా రాలేదు’’ అందావిడ, డబ్బా మూత నొక్కుతూ.

కోడలు గట్టు మీద కూర్చుండిపోయింది. పెళ్లయిన ఏడాది తన పుట్టింటినుంచి వచ్చిన సారెలో చలిమిడి ఎంత ఉందో, ఎవరెవరికి పంచారో తనకింకా గుర్తు. ఈవిడ ఊరికి మాత్రం పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. తీసుకెళ్లమని ఆవిడ అడగలేదు. వెళ్దామా అని వీళ్లూ అడగలేదు. ఊరున్నప్పుడు తీరిక లేదు. ఇప్పుడు సెలవు దొరికింది... కొండలు చూడ్డానికి.

పొద్దున లేచేసరికి పెద్దావిడ సంచి మళ్లీ సర్ది ఉంది. చలిమిడి డబ్బా అడుగున కాదు, పైన. దాని మీద రెండు అరిటాకు ముక్కలు. నీళ్లలో ప్లాస్టిక్ కవరు వేయకూడదు కదా! రవికెల గుడ్డా, పసుపు కుంకుమా విడిగా ఓ గుడ్డసంచిలో. అవి పోచమ్మ తల్లికి. కూతురి సంచిలోంచి ఇంకో స్వెటరు తగ్గి, ఆ చోటులో డజను గాజులు చేరాయి. అవీ అమ్మవారికే.

బోటు కదిలిన కాసేపటికి మైకులో పాటలు మొదలయ్యాయి. అందరూ ముందున్న కొండల కోసం చూస్తుంటే, నానమ్మ ఒడ్డు కేసి చూస్తోంది. లైఫ్ జాకెట్ పట్టీలు కోడలే బిగించింది. ‘‘మీ ఇల్లెక్కడ నానమ్మా?’’ అని పిల్లాడు అడిగితే చెయ్యెత్తి చూపించింది. వాడికి నీళ్లే కనిపించాయి. అయినా తలూపాడు. అరిటాకులో పెట్టిన చలిమిడి కోడలు చేతిమీదుగానే గోదారిలోకి జారింది. కొడుకు కెమెరా తీశాడు, ఎందుకో మళ్లీ లోపల పెట్టేశాడు.

బోటు దిగి ఒడ్డుకు చేరాక ఖాళీ డబ్బా కడుగుతానంటూ పెద్దావిడ నీళ్ల దగ్గర వంగింది. లేచేసరికి డబ్బా నిండుగా ఉంది. పుట్టింటికి వెళ్లిన ఆడపిల్ల వట్టి చేతుల్తో తిరిగి రాకూడదు కదా!

‘‘రైల్లో ఒలుకుతుందేమో నానమ్మా’’ అంది మనవరాలు.

‘‘ఒలకదు’’ అంది కోడలు, డబ్బా అందుకుని మూత రెండోసారి బిగిస్తూ.