ఊరు మారిన జట్టు

తడిసిన తోలు, ఆముదం, రైలింజన్ల షెడ్డు బొగ్గుపొగ కలిసిన వాసన ఒకటుండేది, దాని చిరునామా ఇప్పుడు ఎక్కడా దొరకదు. మా చిన్నతనంలో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఫుట్‌బాల్ అంటే తోలు పలకలు కుట్టి, ఒకచోట చీలిక వదిలి, ఆ చీలికను తోలుతాడుతో బిగించిన బంతి. లోపల రబ్బరు బ్లాడరు, దాని మూతికి సైకిలు పంపు పెట్టి గాలి కొట్టి, దారంతో కట్టి, మడిచి లోపలికి తోసి, పైన లేసు లాగి ముడి వేసేసరికి సగం సాయంత్రం అయిపోయేది. బ్లాడరు చిల్లు పడితే సైకిలు షాపువాడే అతికించేవాడు. వానాకాలంలో నీళ్ళు పీల్చి రాయిలా బరువెక్కిన ఆ బంతిని తలతో కొట్టినవాడి నుదుటి మీద లేసు అచ్చు రాత్రి అన్నం తినేదాకా కనిపించేది. ఆరేసిన బంతికి ఆముదం పట్టించే పని నాది. అమ్మ చూడకుండా తలకు రాసుకునే సీసాలోంచే తీసేవాణ్ణి.

మేం అక్కడికి ఎలా చేరామంటే రైలు పట్టాలు తెచ్చి దింపాయి, అంతే. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, 1931లో రాయపూర్ నుంచి విజయనగరానికి లైను పూర్తి చేశాక, శ్రీకాకుళం, పార్వతీపురం దిక్కు నుంచి మనుషులు ట్రంకుపెట్టెలతో, చింతపండు మూటలతో పైకి రావడం సులువైంది. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా చేరారు. తర్వాత ఆ కంపెనీ పేరు పోయింది, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది, అయినా మా నాన్న చివరిదాకా బీఎన్నార్ అనే అన్నారు, ఎందుకంటే కలకత్తా లీగులో ఆడే రైల్వే జట్టుకు ఆ పేరే మిగిలింది.

కాలనీలో బెంగాలీ గార్డులు, గుమస్తాలు రేడియో దగ్గర రెండుగా చీలిపోయేవాళ్ళు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే కొందరింట పులస చేప, మోహన్ బగాన్ గెలిస్తే మరికొందరింట రొయ్యలు. షెడ్డు తెలుగువాళ్ళది మూడో పక్షం, బీఎన్నార్ పక్షం, ఎక్కువగా ఓడే పక్షం. కామెంటరీ బెంగాలీలో గరగరమంటూ వచ్చేది, మాకు అర్థమయ్యేవి పేర్లే. ఆ పేర్లలో అప్పలరాజు అని వినపడితే మాత్రం పెద్దవాళ్ళు బీడీలు దించేవాళ్ళు. బీఎన్నార్ ఆటగాడు కె. అప్పలరాజు 1964లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్పులో దక్షిణ కొరియా మీద గోలు కొట్టాడు, ఆ కప్పులో భారత జట్టు రెండో స్థానంలో నిలిచింది. మా వీధుల్లో ప్రతి రెండో ఇంట్లో ఒక అప్పలరాజో, అప్పన్నో, అప్పలనర్సమ్మో ఉండేవాళ్ళు. ఆ పేరు దేశం తరఫున ఆడిందన్న సంగతి పిల్లలకు ఏ పాఠంలోనూ చెప్పలేదు, రేడియో చెప్పింది. రైల్వేస్ జట్టు ఆ దశకంలో మూడుసార్లు సంతోష్ ట్రోఫీ తెచ్చుకుంది.

అంతమాత్రాన ఆ రోజులు గొప్పవని చెప్పలేను. ఉద్యోగం కోసం ఆడిన ఆట అది. స్పోర్ట్స్ కోటా అనే ఆశ మీద చదువు మానేసిన కుర్రాళ్ళను ఎరుగుదును, మోకాలు జారాక వాళ్ళ పేరు ఎవరూ ఎత్తలేదు. బూట్లు కొనలేనివాడు కాలికి గుడ్డ చుట్టుకుని ఆడేవాడు. ఆఫీసర్ల కుర్చీలు ఒకవైపు, నేల మీద కూర్చునే మేం ఒకవైపు. ఆడపిల్లలకు మైదానం అంటే క్వార్టరు గోడ మీంచి కనిపించేంత మేరే. మా అక్క నాకంటే గట్టిగా బంతి తన్నేది, పెరట్లో మాత్రమే తన్నింది.

నాన్న రిటైరై క్వార్టరు అప్పగించాక ఊళ్ళోనే దయాల్‌బంద్‌కి మారాం. గురుద్వారా కీర్తనతో తెల్లవారే పేట, సందుల్లో పోహా, జిలేబీ బండ్లు, ఇంట్లో మాత్రం మెంతిపొడి వేసిన పులుసు. రేడియో పోయి టీవీ వచ్చింది, టీవీలో క్రికెట్టే వచ్చింది. 2003లో బిలాస్‌పూరే ఒక రైల్వే జోనుకు ముఖ్యస్థానమైంది, మంచిదే, ఊరికి అంతకుముందే హైకోర్టూ వచ్చింది, కార్యాలయాలూ వచ్చాయి. కలకత్తా గార్డెన్ రీచ్‌లోని పాత ముఖ్యస్థానంతో లంకె మాత్రం తెగింది, బీఎన్నార్ ఓడిందో గెలిచిందో అడిగేవాడు కాలనీలో లేకుండా పోయాడు.

అందుకే కాబోలు, 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే జట్టు ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చిందంటే అంత పిచ్చిగా పట్టుకున్నాను. హైదరాబాద్ అంటే నాన్న చెప్పిన సిటీ పోలీసు జట్టు: సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు. అదే రహీం సాబ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 ఏషియాడ్‌లో బంగారు పతకానికి తీసుకెళ్ళి, మరుసటి ఏడే క్యాన్సర్‌తో పోయారు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ చేతుల్లో తయారైనవాడే. అంతటి ఊరికి ఇన్నాళ్ళకు పెద్ద లీగులో జట్టు.

మొదటి ఏడు అట్టడుగున. నాకు కొత్తేం కాదు. తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చి, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, యాసిర్ లాంటి కుర్రాళ్ళను నమ్మి, ఒగ్బెచె అనే నైజీరియా ముదురు ఫార్వర్డును ముందు నిలబెట్టి, 2022 మార్చి 20న ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించాడు. ఎనభై ఎనిమిదో నిమిషంలో తవోరా సమం చేసిన గోలు, ఆపైన కట్టిమణి ఆపిన మూడు పెనాల్టీలు ఇప్పటికీ కళ్ళ ముందే. ఆ ఆట గోవాలో జరిగింది. కోవిడ్ వల్ల ఆ రెండు సీజన్లూ గోవాలోనే. కప్పు గెలిచిన సీజన్లో సొంతూరు హైదరాబాద్‌లోని గచ్చిబౌలి గడ్డి మీద ఆ జట్టు లీగు మ్యాచి ఒక్కటీ ఆడలేదు. బిడ్డ బాగా ఎదిగే కాలమంతా పొరుగూరిలో గడిపితే ఇంటివాళ్ళకు ముఖం అలవాటు కానట్టు అయింది. ఇంకోటి కూడా చెప్పాలి: ఫైనల్లో మొదటి పదకొండు పేర్లలో తెలుగు పేరు ఒక్కటి లేదు. నేను వెతికాను. ఎవరి ఊరివాడైనా సరే నా జట్టువాడే, కానీ రహీం సాబ్ ఊరి మైదానాల్లోంచి ఒక్కడైనా రాకపోవడం జట్టు తప్పొక్కటే కాదు, ఆ మైదానాల్ని అపార్ట్‌మెంట్లకు వదిలేసిన మన అందరి తప్పు.

2023-24 తలచుకోవాలంటే బరువు. జీతాల బకాయిలు, ఫిఫా వేసిన బదిలీల నిషేధం, ఒక్కొక్కరే వెళ్ళిపోయిన విదేశీయులు. ఇరవై రెండు మ్యాచుల్లో ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు. సింగ్టో అనే కోచ్ మిగిలిన పిల్లలతో నడిపాడు. ఆ పిల్లలు ఒక్క పూటా పరుగు తగ్గించలేదు. మార్చిలో చెన్నైయిన్ మీద ఆ ఒక్క ఆట గెలిచిన రాత్రి, కప్పు గెలిచిన రాత్రి కంటే ఎక్కువసేపు మేలుకున్నాను. ఓడే జట్టును పట్టుకుని ఉన్నవాడికి ఆట ఇంకా బాగా కనిపిస్తుంది: ఎవడు వెనక్కి పరిగెత్తుతున్నాడో, ఎవడు బంతి పోయాక చేతులు నడుముకు పెట్టుకుంటున్నాడో గోళ్ళు కొరుక్కుంటూ చూస్తాం కదా.

కొత్త యజమానులు వచ్చారు, మరో సీజను పదమూడింటిలో పన్నెండో స్థానం, 2025లో జట్టు ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. వ్యాపారానికి అది లైసెన్సు, ఎక్కడైనా పెట్టుకోవచ్చు. నా మట్టుకు జట్టు అంటే ఊరు, ఊరు తీసేశాక మిగిలింది వేరే జట్టు. ఆటగాళ్ళు బాగుండాలి, నెలనెలా జీతం అందాలి. నేను మాత్రం దాన్ని చూడను.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు దయాల్‌బంద్ నుంచి ఒక మాట. అజీజ్‌నగర్‌లో డెక్కన్ ఎరీనా అనే మైదానం ఉంది, శ్రీనిధి డెక్కన్ అనే జట్టుంది. 2022-23లోనూ ఆ మరుసటి ఏడూ ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. గెలుస్తున్నప్పుడు ఎవరైనా వెళ్తారు, మీరు ఓడుతున్న రోజుల్లో వెళ్ళండి, కొడుకులతో పాటు కూతుళ్ళనూ తీసుకెళ్ళండి, పాసు అడక్కుండా టికెట్టు కొనుక్కునే వెళ్ళండి.